మా తర్వాత ఎవరు? హైదరాబాద్‌లో సంరక్షకుల కార్యక్రమం ఏర్పాటు చేసిన నా అనుభవం

మేధో వైకల్యం ఉన్న కొడుకునో కూతురినో పెంచుతున్న తల్లిదండ్రుల్లో చాలామంది, తాము బతికి ఉన్నంతకాలం ఆ బిడ్డకు సంరక్షకులం తామేనని నమ్ముతారు. చట్టం అలా చెప్పదు. బిడ్డకు 18 ఏళ్లు నిండిన రోజుతో తల్లిదండ్రుల సహజ సంరక్షక హోదా ముగిసిపోతుంది. పది రూపాయల నోటుకూ ఐదువందల నోటుకూ తేడా చెప్పలేని వ్యక్తి అయినా సరే, ఆ రోజు నుంచి చట్టం దృష్టిలో మేజరే. అతని తరఫున సంతకం చేసే అధికారం తల్లికి గానీ తండ్రికి గానీ దానంతట అది కొనసాగదు. నేను బ్యాంకులో పనిచేసిన కాలంలో ఈ సంగతి తెలియక కౌంటరు ముందు నిలబడిపోయిన తల్లులను చూశాను. తండ్రి చనిపోయాక రావలసిన కుటుంబ పింఛను, బిడ్డ పేరు మీద దాచిన డిపాజిట్టు, అన్నీ ఒక్క కాగితం కోసం ఆగిపోయేవి. పదవీ విరమణ తర్వాత, మా అక్క కొడుకు విషయంలో ఆ అవసరం మా కుటుంబానికే వచ్చింది. అప్పుడే మల్కాజిగిరి, సైనిక్‌పురి, తార్నాక ప్రాంతాల్లోని మరికొన్ని కుటుంబాలతో కలిసి ఒక సంరక్షకుల కార్యక్రమం ఏర్పాటు చేసే పనిలో దిగాను. అది ఎలా సాగిందో, ఎక్కడెక్కడ ఆగి ఆలోచించవలసి వచ్చిందో, ఇదే పని తలపెట్టే వారికి పనికివస్తుందని రాస్తున్నాను.

మాకు ఆధారమైనది 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం. నేషనల్ ట్రస్ట్ అంటే ఈ చట్టం కింద ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు అనే నాలుగు వర్గాలకు మాత్రమే ఇది వర్తిస్తుంది. ఈ చట్టంలోని 13వ సెక్షన్ ప్రకారం స్థానిక స్థాయి కమిటీ ఉంటుంది. అందులో జిల్లా కలెక్టరు హోదాకు తగ్గని అధికారి ఒకరు, నేషనల్ ట్రస్ట్ దగ్గర నమోదైన సంస్థ ప్రతినిధి ఒకరు, వైకల్యం ఉన్న వ్యక్తి ఒకరు సభ్యులు. సంరక్షకులను నియమించే అధికారం ఈ కమిటీదే కనుక ఈ నాలుగు వర్గాల వారు కోర్టుకు వెళ్లవలసిన పని లేదు. తల్లిదండ్రులు తమనే సంరక్షకులుగా నియమించమని కోరవచ్చు, లేదా తమకు నచ్చిన మరొకరి పేరు సూచించవచ్చు. నమోదైన సంస్థ కూడా దరఖాస్తు చేయవచ్చు. కోర్టు మెట్లు ఎక్కకుండా, వకీలు ఫీజులు కట్టకుండా సాధ్యమయ్యే ఈ మార్గం ఉందన్న మాట మేము మొదట కలిసిన కుటుంబాల్లో చాలామందికి కొత్త. ఆరోగ్య బీమా కోసం నేషనల్ ట్రస్ట్ పేరు విన్నవారు ఉన్నారు. ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులు భరించే నిరామయ పథకం వారికి తెలుసు. సంరక్షకత్వం సంగతి మాత్రం తెలియదు.

అయితే తల్లిదండ్రులకు సర్టిఫికెట్ ఇప్పించడమే పని అయితే ప్రత్యేకంగా కార్యక్రమం అక్కరలేదు, ఫారం నింపే సహాయం చేస్తే చాలు. మాకు ఎదురైన అసలు ప్రశ్న తల్లిదండ్రుల తర్వాతి కాలానిది. మన నగరంలో ఆ ప్రశ్నకు ఒక ప్రత్యేకమైన ముడి ఉంది. నేషనల్ ట్రస్ట్ నియమాల ప్రకారం సంరక్షకుడిగా ఉండే వ్యక్తి భారత పౌరుడై ఉండాలి. మా దగ్గరకు వచ్చిన కుటుంబాల్లో ఒక బిడ్డకు వైకల్యం ఉంటే, రెండో బిడ్డ డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడి, అక్కడి పౌరసత్వం తీసుకుని ఉండడం పదేపదే కనిపించింది. విదేశీ పౌరులైన భారత సంతతి వారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, మన పౌరసత్వం ఉన్నట్టు కాదు. "మా తర్వాత వాడి అన్నయ్య చూసుకుంటాడు" అని ఏళ్ల తరబడి ధైర్యంగా ఉన్న తల్లిదండ్రులకు, ఆ అన్నయ్య డబ్బు పంపగలడు గానీ చట్టరీత్యా సంరక్షకుడు కాలేడని చెప్పవలసి రావడం నాకు ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా కష్టమైన భాగం. బంధువులు లేక కాదు, ఉన్న బంధువులు ఆ స్థానంలో నిలబడలేక ఖాళీ ఏర్పడుతోంది. ఆ ఖాళీలో నిలబడడానికి ఊళ్లో ఉన్నవారిని, ఆ వ్యక్తిని ముందు నుంచే ఎరిగినవారిని తయారు చేసుకోవాలన్నదే మా కార్యక్రమం ఉద్దేశం.

సంస్థ నమోదు గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులతో సొసైటీగా నమోదు చేసుకున్నాము, తర్వాత వికలాంగుల హక్కుల చట్టం కింద, ఆ పైన నేషనల్ ట్రస్ట్ దగ్గర నమోదు జరిగింది. ఓపిక ఉంటే అయ్యే పనులు ఇవి. ఒక్క విషయం మాత్రం చెప్పాలి. సంస్థే స్వయంగా సంరక్షక బాధ్యత తీసుకోవాలంటే పునరావాస సేవల్లో కనీసం రెండేళ్ల అనుభవం, నివాస వసతి నడిపిన అనుభవంతో సహా, ఉండాలని నియమాలు చెబుతున్నాయి. అది మాకు లేదు. కావాలని కూడా అనుకోలేదు. సంస్థ సంరక్షకురాలైతే ఆ వ్యక్తి చివరకు ఒక హాస్టలు గదిలోకి చేరతాడనే భయం తల్లిదండ్రుల్లో ఉంది. ఆ భయం న్యాయమైనదే. అందుకే మేము మనుషులను వెతికి, పరిచయం చేసి, కమిటీకి సిఫారసు చేసి, నియామకం తర్వాత గమనించే పాత్రకే పరిమితమయ్యాము.

పని మొదలయ్యాక జిల్లా సరిహద్దులు పెద్ద చిక్కుగా తేలాయి. 2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగిన తర్వాత, మనం నోటితో హైదరాబాద్ అని చెప్పే నగరం నాలుగు జిల్లాల్లో పరుచుకుంది. తార్నాకలో ఉన్నవారిది హైదరాబాద్ జిల్లా. అక్కడికి కూతవేటు దూరంలోని ఉప్పల్, మల్కాజిగిరి వారిది మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా, వారి కలెక్టరేట్ శామీర్‌పేట దగ్గర అంతాయిపల్లిలో ఉంది. సరూర్‌నగర్, గచ్చిబౌలి వారిది రంగారెడ్డి జిల్లా, కలెక్టరేట్ కొంగర కలాన్‌లో ఉంది. పటాన్‌చెరు వారు సంగారెడ్డి జిల్లాలోకి వస్తారు. కమిటీ జిల్లాకు ఒకటి కనుక దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలన్నది ఆధార్ కార్డులోని చిరునామాను బట్టి, ఆ వ్యక్తి నిజంగా నివసిస్తున్న చోటును బట్టి తేల్చుకోవాలి. ఈ రెండూ వేరైన ఫైళ్లు ఎక్కడికక్కడ నిలిచిపోయేవి. వైకల్యం ఉన్న వ్యక్తిని ఎండలో ఆటోలో కూర్చోబెట్టి కొంగర కలాన్ దాకా తీసుకువెళ్లిన తల్లికి, మీది ఈ జిల్లా కాదని చెప్పి పంపడం ఎవరికీ జరగకూడదు. కనుక మా దగ్గర మొదటి పరిశీలన చిరునామాదే అయింది.

రెండో పరిశీలన సదరం సర్టిఫికెట్‌ది. అందులో వైకల్యం పేరు ఏమని రాసి ఉందన్న దాన్ని బట్టి దారి మారిపోతుంది. మేధో వైకల్యం అని ఉంటే కమిటీ దారి. మానసిక అనారోగ్యం అని ఉంటే ఆ దారి లేదు. చిన్నప్పటి నుంచి మేధో వైకల్యం ఉండి, తర్వాత మానసిక అనారోగ్యం కూడా వచ్చిన వారికి కొన్నిసార్లు రెండోది మాత్రమే నమోదై ఉంటుంది. అలాంటి వారిని తిరిగి పరీక్షకు పంపవలసి వచ్చింది. బోయినపల్లిలోని మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ ఉండడం మన నగరానికి ఉన్న గొప్ప అనుకూలత. ఒకప్పుడు అందరూ ఎన్‌ఐఎంహెచ్ అనేవారు, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ. అక్కడ చదువుకున్న స్పెషల్ ఎడ్యుకేటర్లు నగరమంతటా ఉన్నారు. మా కార్యకర్తలకు శిక్షణ ఇచ్చిన ఇద్దరూ అక్కడ చదివినవారే.

సంరక్షకులుగా ఉండదలచిన వారిని ఎంపిక చేసే పద్ధతి మీద మా సొసైటీలో చాలా చర్చ జరిగింది. నియమాలు కొన్ని హద్దులు గీశాయి. నేర చరిత్ర ఉండకూడదు, దివాలా తీసి ఉండకూడదు, తన బతుకుకు తాను ఇతరుల మీద ఆధారపడి ఉండకూడదు. స్త్రీకి ఒంటరి పురుషుణ్ణి సంరక్షకుడిగా నియమించకూడదు, పురుషుణ్ణి నియమిస్తే అతని భార్యతో కలిపి నియమించాలి, ఆ ఇద్దరిలో ముఖ్య సంరక్షకురాలు భార్యే కావాలి. ఈ హద్దులు కనీస రక్షణ మాత్రమేనని మేము భావించాము. వాటికి తోడు పోలీసు వెరిఫికేషన్ తప్పనిసరి చేశాము. ఎవరి ఇంటికైనా ఇద్దరు కలిసే వెళ్లాలన్న నియమం పెట్టాము. అన్నిటికన్నా ముఖ్యంగా, సంరక్షకులుగా ఉండాలనుకునే వారు కనీసం ఆరు నెలలు ఆ ఇంటికి మామూలు పరిచయస్తుల్లా వచ్చిపోవాలని, ఆ తర్వాతే పేరు సిఫారసు చేస్తామని నిర్ణయించాము. ఇంత ఆలస్యం దేనికని కొందరు తల్లిదండ్రులు విసుక్కున్నారు. ఎనభై ఏళ్లకు దగ్గరపడిన తండ్రికి ఆరు నెలలు చిన్న గడువు కాదని నాకూ తెలుసు. అయినా ఆ నిబంధన సడలించలేదు. సంతకం ఒక్క రోజులో సంపాదించవచ్చు గానీ, ఒక మనిషికి పప్పులో ఆవకాయ కలిపితేనే ముద్ద దిగుతుందని, కుక్కర్ విజిల్‌కు ఉలిక్కిపడతాడని, పన్ను నొప్పి వస్తే మాట్లాడడం మానేసి గోడవైపు తిరిగి కూర్చుంటాడని తెలుసుకోవడానికి రాకపోకలు కావాలి. రేపు ఆసుపత్రిలో డాక్టరు అడిగినప్పుడు చెప్పవలసింది ఆ సంరక్షకులే.

ఇక ఆ వ్యక్తినే అడగడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పరిమిత సంరక్షకత్వం అనే భావనను తెచ్చింది. దాని ప్రకారం సంరక్షకుడూ వైకల్యం ఉన్న వ్యక్తీ పరస్పర నమ్మకంతో కలిసి నిర్ణయం తీసుకోవాలి. ఆ ఏర్పాటు ఒక నిర్ణీత కాలానికి, ఒక నిర్దిష్టమైన అవసరానికి పరిమితం కావాలి, ఆ వ్యక్తి ఇష్టానికి అనుగుణంగా నడవాలి. మన దేశం 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి ఒడంబడికలోని 12వ అధికరణం సారాంశమూ ఇదే. 1999 చట్టంలో ఇంత స్పష్టత లేదు, కానీ అందులోనూ 14వ సెక్షన్ కమిటీని రెండు విషయాలు పరిశీలించమంటుంది: అసలు ఈ వ్యక్తికి సంరక్షకుడు అవసరమా, అవసరమైతే ఏ పనుల కోసం? ఆచరణలో ఈ రెండు ప్రశ్నలూ దాటిపోవడం సులభం. తల్లి అడిగింది, వైకల్యం శాతం కాగితం మీద ఉంది, కనుక సర్టిఫికెట్ ఇవ్వవచ్చు అన్న ధోరణిలో ఫైలు నడిచిపోతుంది. మేము సిఫారసు చేసే ప్రతి ఫైలులోనూ ఈ రెండు ప్రశ్నలకు విడిగా ఒక పేజీ రాయాలని నియమం పెట్టుకున్నాము.

ఆ పేజీ రాయడానికి ముందు ఆ వ్యక్తితో మాట్లాడాలి. మేధో వైకల్యం ఉన్నవారిలో చాలామంది అవునా కాదా అని అడిగితే అవుననే చెబుతారు. పెద్దవాళ్లు ఏ జవాబు కోరుతున్నారో దాన్నే ఇచ్చి మెప్పు పొందడం వారికి చిన్నప్పటి నుంచి అలవాటవుతుంది. "పిన్ని దగ్గర ఉంటావా?" అంటే ఉంటానంటారు, "బాబాయి దగ్గర ఉంటావా?" అన్నా ఉంటానంటారు. రెండు పేర్లు చెప్పి ఎంచుకోమంటే చివర విన్న పేరే చెప్పడం కూడా కనిపిస్తుంది. అందువల్ల స్పెషల్ ఎడ్యుకేటర్ల సలహాతో ఫొటోలు వాడడం మొదలుపెట్టాము. ఒకే ప్రశ్నను వేర్వేరు రోజుల్లో, పేర్ల వరుస మార్చి, తల్లిదండ్రులు పక్క గదిలో ఉండగా అడుగుతాము. ఎవరి దగ్గర ఉంటావన్న పెద్ద ప్రశ్నకు బదులు, జ్వరం వస్తే ఎవరిని పిలుస్తావు, నీ డబ్బులు ఎవరి దగ్గర దాచుకుంటావు, బోనాలకు ఎవరితో వెళ్లావు, ఎవరు అరుస్తారు అని చిన్నచిన్నవి అడుగుతాము. మాటలు రానివారి విషయంలో, ఎవరు గదిలోకి వస్తే శరీరం బిగుసుకుంటుందో, ఎవరు వస్తే చేయి చాపుతారో గమనించి రాస్తాము.

ఈ పద్ధతి వల్ల ఒక ఫైలులో మేము అనుకున్నదానికి పూర్తిగా భిన్నమైన సమాధానం వచ్చింది. తల్లి లేని ఒక యువతికి ఆమె మేనమామ దంపతులను తండ్రి సూచించారు. మేనమామ మంచివారు, స్థితిమంతులు, ప్రతి పండక్కీ చీర తెచ్చిపెట్టేవారు. ఆమె మాత్రం ఎన్నిసార్లు అడిగినా, ఏ వరుసలో పెట్టినా, కింది అంతస్తులో ఉండే ఒక టీచరమ్మ ఫొటోనే పట్టుకునేది. ఆ టీచరమ్మ ఆమెను రోజూ సాయంత్రం కూరగాయల బండి దగ్గరకు తీసుకువెళ్లి, డబ్బు ఆమె చేతులతోనే ఇప్పిస్తారని తర్వాత తెలిసింది. తండ్రి మొదట బాధపడ్డారు, రక్తసంబంధం ఉండగా పరాయివాళ్లా అని. కొన్నాళ్లకు మేనమామ భార్యే వచ్చి, "అమ్మాయికి ఎవరి దగ్గర బాగుంటే వాళ్లే ఉండనివ్వండి అన్నయ్యా, మేము ఎక్కడికీ పోము కదా" అన్నారు. చివరకు టీచరమ్మ పేరు కమిటీకి వెళ్లింది. మేనమామ కుటుంబం ఏటా లెక్కలు చూసే బాధ్యత తీసుకుంది.

సంరక్షకత్వం ఎక్కడ ఆగిపోవాలో కూడా తల్లిదండ్రులకు చెప్పవలసి వస్తుంది. సర్టిఫికెట్ వచ్చిందంటే ఆ వ్యక్తి శరీరం మీదా ఇష్టాల మీదా సర్వాధికారం వచ్చినట్టు కాదు. చండీగఢ్‌లోని ఒక ప్రభుత్వ వసతిగృహంలో ఉన్న మేధో వైకల్యం గల యువతి గర్భం విషయంలో 2009లో సుప్రీంకోర్టు, ఆమె మేజర్ కనుక ఆమె సమ్మతి లేకుండా గర్భస్రావం చేయించడానికి వీలులేదని తీర్పు ఇచ్చింది. కూతురికి గర్భసంచి తీయించే విషయం మా దగ్గర మెల్లగా ప్రస్తావించిన తల్లులు ఉన్నారు. వారి భయం ఎక్కడి నుంచి వస్తుందో నాకు అర్థమవుతుంది. నెలసరి శుభ్రతకు శిక్షణ ఇచ్చేవారు దొరకక, బయట ప్రపంచాన్ని నమ్మలేక అలా ఆలోచిస్తారు. అయినా అలాంటి అంగీకారం ఇచ్చే అధికారం కోసం సంరక్షకత్వం కోరితే మేము సిఫారసు చేయము. ఆ కుటుంబాన్ని శిక్షణ ఇచ్చేవారితో కలిపే ప్రయత్నం చేస్తాము.

ఆస్తి విషయం మరీ జాగ్రత్త కోరుతుంది. నగరంలో పాత ఇళ్లను బిల్డర్లకు డెవలప్‌మెంట్‌కు ఇవ్వడం మామూలైపోయింది. ఒక కుటుంబంలో తండ్రి పోయాక ఇల్లు ముగ్గురు పిల్లల పేరు మీదకు వచ్చింది, వారిలో ఒకరికి సెరిబ్రల్ పాల్సీతో పాటు మేధో వైకల్యం ఉంది. బిల్డరుతో ఒప్పందం కుదిరే సమయానికి సంతకం కోసం సంరక్షకుడిగా నియమించమని పెద్దన్నయ్య దరఖాస్తు తెచ్చారు. తమ్ముణ్ణి ఆయన బాగానే చూసుకుంటున్నారు, అందులో సందేహం లేదు. కానీ అదే ఒప్పందంలో ఆయనా వాటాదారే. సహాయం చేసే వ్యక్తికీ, సహాయం పొందే వ్యక్తికీ ప్రయోజనాలు ఎదురుబొదురుగా ఉన్న లావాదేవీలో సహాయం చేసే వ్యక్తి పక్కకు తప్పుకోవాలని 2016 చట్టంలోని 13వ సెక్షన్ చెబుతుంది. తమ్ముడి వాటాగా వచ్చే ఫ్లాట్ అతని పేరు మీదే రిజిస్టర్ అవుతుందన్న రాతపూర్వక హామీ, ఆస్తి వరకు మరొకరి పేరు వచ్చేదాకా ఆ ఫైలుకు సిఫారసు ఇవ్వలేమని చెప్పాము. పెద్ద మాటలే పడ్డాయి. చివరకు వారి చిన్నాన్న ఆస్తి వరకు సంరక్షకుడిగా ఉండడానికి ఒప్పుకున్నారు, మనిషి బాగోగులు అన్నయ్య దగ్గరే ఉన్నాయి. మనిషి సంరక్షణా ఆస్తి సంరక్షణా వేర్వేరు చేతుల్లో ఉండవచ్చునన్న సంగతిని ఇలాంటి కుటుంబాలన్నీ తెలుసుకోవాలి.

కమిటీ కనీసం మూడు నెలలకు ఒకసారి సమావేశం కావాలని చట్టం చెబుతుంది. కలెక్టర్లకు ఎన్నికల పనులు, వరదలు, పరీక్షలు, ఇంకా ఎన్నో ఉంటాయి, ఈ సమావేశం వెనక్కి జరిగిపోతుంది. కమిటీ కాలపరిమితి మూడేళ్లు కావడంతో, గడువు ముగిసి కొత్తది ఏర్పడే మధ్యకాలంలో దరఖాస్తులు కదలవు. మేము చేయగలిగింది ఒక్కటే. ఫారం, సదరం సర్టిఫికెట్, వయసు రుజువు, అఫిడవిట్, మా రెండు ప్రశ్నల పేజీ, అన్నీ ఒక్క కాగితం తక్కువ కాకుండా ముందే సిద్ధం చేసి, సమావేశం తేదీ ఖరారైన రోజునే అన్ని ఫైళ్లూ కలిపి అందజేయడం. కదలలేని వారి కోసం వీడియో కాల్ ద్వారా మాట్లాడమని కోరితే ఒక అధికారి వెంటనే అంగీకరించారు. ఆ రోజు ఆయన ఫోను ముందు కూర్చుని, మంచం మీద ఉన్న ఒక అబ్బాయి బొమ్మలన్నీ చూపించే దాకా ఓపికగా చూశారు. ఆ ఓపికకు కృతజ్ఞతలు చెప్పకుండా ఉండలేను.

సర్టిఫికెట్ వచ్చాక కూడా బ్యాంకుల్లో ఇబ్బందులు పడ్డవారు ఉన్నారు. స్థానిక స్థాయి కమిటీ ఇచ్చిన సర్టిఫికెట్‌ను ఖాతా తెరవడానికి, నడపడానికి అంగీకరించవచ్చని రిజర్వు బ్యాంకు 2007 నవంబరులోనే బ్యాంకులకు తెలిపింది. అయినా కోర్టు ఉత్తర్వు తెమ్మని తిప్పి పంపిన బ్రాంచీలు ఉన్నాయి. మేము ఆ సర్క్యులర్ నకలును ప్రతి కుటుంబానికీ ఇచ్చి, ముందుగా బ్రాంచి మేనేజరుతో మాట్లాడిన తర్వాతే కౌంటరుకు పంపుతాము. కేంద్ర ప్రభుత్వ కుటుంబ పింఛను విషయంలోనూ ఈ నాలుగు వర్గాలకు కమిటీ సర్టిఫికెట్ చెల్లుతుంది. ఉద్యోగి బతికి ఉండగానే పింఛను కాగితాల్లో వైకల్యం ఉన్న బిడ్డ పేరు నమోదు చేయించి, ఆ బిడ్డ తరఫున డబ్బు అందుకునే వ్యక్తిని నామినేట్ చేస్తే తర్వాతి ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఉండదు. ఇది చదివే తండ్రులెవరైనా ఉద్యోగంలో ఉంటే ఈ నెలలోనే ఆ పని చేయమని కోరుతున్నాను.

మా కార్యక్రమం పేరు వినగానే వయోవృద్ధుల కుటుంబాలు కూడా రావడం మొదలైంది. మతిమరుపు ముదిరిన తల్లి, పక్షవాతంతో స్పృహలో లేని తండ్రి. వారికి 1999 చట్టం వర్తించదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో వైద్యం వరకు నామినేటెడ్ ప్రతినిధిని పెట్టుకునే వీలుంది గానీ, ఆస్తికి సంరక్షకుణ్ణి నియమించే ఏర్పాటు లేదు. తల్లి నుంచి జీపీఏ, అంటే ఆమె తరఫున వ్యవహరించే అధికార పత్రం, రాయించుకున్నాం కదా అని ధీమాగా ఉన్న పిల్లలకు, రాసిచ్చిన మనిషికి మతిస్థిమితం పోతే కాంట్రాక్టు చట్టంలోని 201వ సెక్షన్ ప్రకారం ఆ అధికారం కూడా పోతుందని చెబితే నమ్మలేరు. స్పృహలో లేని వారి విషయంలో హైకోర్టును ఆశ్రయించవలసి వస్తోంది. కేరళ హైకోర్టు 2019లో కోమాలో ఉన్నవారి సంరక్షకుల నియామకానికి మార్గదర్శకాలు ఇచ్చింది. ఇలాంటి కుటుంబాలను మేము న్యాయవాదుల దగ్గరకు పంపుతున్నాము. తెలివి ఉండగానే వీలునామా, ప్రతినిధి పేరు, ముందస్తు వైద్య ఆదేశం రాసిపెట్టుకోవాలని వృద్ధుల సమావేశాల్లో చెబుతున్నాము. ఆస్తి రాయించుకుని చూడని పిల్లల మీద 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఫిర్యాదు చేయవచ్చని, 14567 హెల్ప్‌లైన్ ఉందని కూడా చెబుతాము. అంతకుమించి ఈ వైపు పని పెంచుకునే శక్తి మా సొసైటీకి ప్రస్తుతం లేదు.

మా శక్తిలో ఎక్కువ భాగం నియామకం తర్వాతి పనికే పోతోంది. అలాగే పోవాలి కూడా. నియామకమైన ఆరు నెలల్లోగా సంరక్షకుడు ఆ వ్యక్తి స్థిర, చరాస్తుల జాబితా కమిటీకి సమర్పించాలి. ఆ తర్వాత ప్రతి ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లోగా, అంటే జూన్ నెలాఖరులోగా, లెక్కలు ఇవ్వాలి. ఈ లెక్కలు అడిగేవారు లేకపోతే ఇచ్చేవారూ ఉండరు. జూన్ మాకు లెక్కల నెల. మల్కాజిగిరిలోని ఒక కమ్యూనిటీ హాలులో సంరక్షకులంతా పాసుపుస్తకాలతో, మందుల చీటీలతో, బట్టల బిల్లులతో వస్తారు. ఇద్దరు రిటైర్డ్ అకౌంటెంట్లు ఫారాలు నింపడంలో సాయం చేస్తారు. సంరక్షణలో ఉన్నవారు కూడా ఆ రోజు వస్తారు. వారి డబ్బు లెక్క వారి ఎదుటే జరగాలని మేము పట్టుబట్టాము. అర్థమైనంత అర్థమవుతుంది. తన పింఛనుతో టేబుల్ ఫ్యాను కొన్నారని విని, అది తనదేనని అందరికీ చెప్పుకుని తిరిగినవారు ఉన్నారు. లెక్కలకు తోడు మూడు నెలలకు ఒకసారి చెప్పకుండా ఇంటికి వెళ్లి చూస్తాము. బరువు తగ్గారా, గోళ్లు, పళ్లు ఎలా ఉన్నాయి, పడుకునే చోటు ఏది, బయటకు వెళ్లి ఎన్నాళ్లయింది అనేవి చూస్తే చాలా తెలుస్తుంది. నిర్లక్ష్యం గానీ, డబ్బు స్వాహా గానీ కనిపిస్తే 1999 చట్టంలోని 17వ సెక్షన్ కింద సంరక్షకుణ్ణి తొలగించమని కమిటీని కోరవచ్చు. ఒక ఫైలులో ఆ పని చేయవలసి వచ్చింది. మాట్లాడి చూశాక, అవకాశం ఇచ్చాక, రాతపూర్వకంగా కోరాము, కమిటీ తొలగించింది. ఆ నిర్ణయం తర్వాత మిగిలిన సంరక్షకులతో మా సంబంధం చెడుతుందేమోనని మాలో కొందరు భయపడ్డారు గానీ, లెక్కలు ఆలస్యం చేసేవారు తగ్గారు.

మా అక్క పోయిన ఏడాది కాలం చేసింది. కార్యక్రమంలో తల్లి తర్వాత సంరక్షకత్వం మరొకరి చేతికి మారిన మొదటి ఫైలు మా ఇంటిదే అయింది. అంతకు రెండేళ్ల ముందే అక్క కొడుక్కి అలవాటైన ఒక భార్యాభర్తల పేర్లు ఆమె కోరిక మేరకు తర్వాతి సంరక్షకులుగా రాసి ఉంచాము కనుక, కమిటీ తదుపరి సమావేశంలోనే ఉత్తర్వు వచ్చింది. కుటుంబ పింఛను ఒక్క నెల మాత్రమే ఆగింది. వాడు ఉన్న ఇంట్లోనే, ఉన్న మంచం మీదే ఉన్నాడు. ఉదయం పాల ప్యాకెట్ తెచ్చే పని మానలేదు. నేను బంధువుని కనుక మా ఫైలు పర్యవేక్షణను వేరే ఇద్దరికి అప్పగించాము, ఈ జూన్‌లో లెక్కలు వారే చూశారు. ఆ దంపతులకు ఇప్పటికే అరవై దాటాయి. వారి తర్వాత పేరు రాయవలసిన గడి ఫైలులో ఖాళీగా ఉంది. సైనిక్‌పురి వైపు ఉంటూ, క్రికెట్ చూడడానికి తోడుగా కూర్చునే వయసున్న మనిషి కోసం వెతుకుతున్నాము. ఇద్దరు యువకులు ఆదివారాలు ఇంటికి రావడం మొదలుపెట్టారు, వారి ఆరు నెలల గడువు డిసెంబరులో పూర్తవుతుంది.